‘పెడితే’ వేరు, ‘పెడితేనే’ వేరు: మా వంటింట్లో హైస్ సాల్వర్

మారతహళ్ళి దగ్గర మునేకొళాలలో మా అక్కా బావా సెంట్రల్ కిచెన్ నడుపుతున్నారు. పదకొండు పీజీలకీ, రెండు చిన్న ఆఫీసులకీ మధ్యాహ్నం భోజనం ఇక్కడి నుంచే వెళ్తుంది. తినేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. కర్నూలు నుంచో కాకినాడ నుంచో ఉద్యోగానికి వచ్చి, వారంలో ఒక్కసారైనా గోంగూర పడకపోతే ఫోన్ చేసి అడిగేవాళ్ళు. వారం మెనూ వెయ్యడం, సరుకు లెక్క కట్టడం నా పని. హిందూపురంలో ఆరేళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి ఈ పనిలో దిగాను. ఉగాది అయిన దగ్గర్నుంచి, అంటే ఏడు నెలలుగా, ఆ మెనూని హైస్ అనే సాల్వర్‌తో, అంటే మనం పెట్టిన షరతులన్నీ కుదిరేలా తక్కువ ఖర్చు జవాబు వెతికిపెట్టే ప్రోగ్రామ్‌తో, వేస్తున్నాను. దీని గురించి తెలుగులో ఎవరైనా వివరంగా రాసి పెట్టి ఉంటే నాకు మొదటి రెండు నెలల తిప్పలు తప్పేవి. అందుకే రాస్తున్నాను.

హైస్‌ని స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీలో జూలియన్ హాల్ గారి బృందం తయారుచేసింది. పూర్తిగా ఉచితం. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి వ్యాపారానికి వాడుకున్నా ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే ‘పిప్ ఇన్‌స్టాల్ హైస్‌పై’ అని ఒక్క వరుస కొడితే దిగిపోతుంది. పైథాన్‌లో లెక్కలు చేసేవాళ్ళు కొందరు తెలియకుండానే దీన్ని వాడి ఉంటారు, సైపై అనే లెక్కల లైబ్రరీలో 1.9 వెర్షన్‌తో వచ్చిన ‘మిల్ప్’ ఫంక్షన్ లోపల పనిచేసేది ఇదే. నాది ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. ఆరు రోజులు, 31 వంటకాలు, వెరసి 186 ‘పెట్టాలా వద్దా’ ప్రశ్నలు. రెండు మూడు సెకన్లలో జవాబు వస్తుంది. వేగం గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, నా అవసరానికి అది చాలా ఎక్కువ.

అసలు మాట వేరే ఉంది. సాల్వర్‌కి మన మాటలు అర్థం కావు. దానికి అర్థమయ్యేవి అసమీకరణాలు ఒక్కటే. మా వంట మాస్టర్, మా బావ, పీజీ ఓనర్లు చెప్పేవేమో అన్నీ మాటలు. ‘గుత్తివంకాయ పెట్టిన రోజు బెండకాయ వేపుడు వద్దమ్మా, కోసేవాళ్ళు చాలరు.’ ‘పప్పు లేకపోతే సాంబారు ఉండాలి.’ ‘ఇవాళ పులిహోర పెడితే రేపు నిమ్మకాయ అన్నం పెట్టకండి.’ ఇలాంటివి నా నోట్‌బుక్‌లో నలభై దాకా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కూడికలు, తీసివేతల్లోకి దించాలి. హైస్ గురించి నా అభిప్రాయం మొత్తం ఈ దించడం చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే ఈ పనిలో అది మనకి సాయం చెయ్యదు. మనమే చెయ్యాలి.

పద్ధతి వినడానికి తేలిక. ప్రతి వంటకానికీ ప్రతి రోజుకీ ఒక వేరియబుల్. పెడితే 1, పెట్టకపోతే 0. గుత్తివంకాయా బెండకాయా కలిసి వద్దంటే, వంకాయ + బెండ ≤ 1. రెండూ 1 అయితే మొత్తం 2 అవుతుంది, కుదరదు. పప్పు లేకపోతే సాంబారు అంటే, పప్పు + సాంబారు ≥ 1. ‘పప్పైనా ఉండాలి, సాంబారైనా ఉండాలి, రెండూ ఉన్నా ఫరవాలేదు’ అన్నదీ ఇదే. మాట వేరు, వరుస ఒకటే. పులిహోర సంగతైతే సోమవారం పులిహోర + మంగళవారం నిమ్మ ≤ 1, ఇలా శుక్ర, శనివారాల జంట దాకా ఐదు వరుసలు. ‘కాదు’ అనాలంటే ఒకటిలోంచి తీసెయ్యడమే: పప్పు లేకపోవడం అంటే 1 − పప్పు. పదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరికైనా ఇక్కడిదాకా ఒక గంట పని.

నాకు దెబ్బ తగిలింది బగారన్నం దగ్గర.

మే నెలలో ఒక మంగళవారం. పన్నెండున్నరకి కుందలహళ్ళి పీజీ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ‘అక్కా, బగారన్నం వచ్చింది, చికెన్ బాక్స్ ఎక్కించడం మర్చిపోయినట్టున్నారు.’ మర్చిపోలేదు. ఆ రోజు చికెన్ మెనూలోనే లేదు. బగారన్నం, దానికి తోడు బీరకాయ కూర, మామూలు చారు. మాస్టర్ పొద్దున్నే షీట్ చూసి ‘ఇదేంటి ఇలా ఉంది’ అనుకున్నాడట కానీ, నేను వేసిన మెనూ కదా, ఏదో కారణం ఉంటుందని వండేశాడు. మధ్యాహ్నం రెండింటికల్లా ఐదు పీజీల నుంచి ఫోన్లు. మా అక్క ఏమీ అనలేదు. సాయంత్రం తిరిగొచ్చిన హాట్ బాక్సుల మూతలు తీసి, మిగిలిన అన్నం నాకు చూపించింది. ఆ రాత్రి నేను భోజనం చెయ్యలేకపోయాను.

నోట్‌బుక్‌లో మాస్టర్ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను: ‘చికెన్ పెడితేనే బగారా.’ పైథాన్ ఫైల్లో నేను రాసింది: చికెన్ ≤ బగారా. అంటే చికెన్ 1 అయితే బగారా కూడా 1 కావాలి. అది ‘చికెన్ పెడితే బగారా పెట్టాలి’ అన్న మాట. చికెన్ 0 అయితే ఆ వరుస బగారాని అడ్డుకోదు, 0 అయినా 1 అయినా దానికి సమ్మతమే. ఇంకోపక్క, వారంలో కనీసం మూడు రోజులు తెల్లన్నం కాకుండా ఇంకేదో అన్నం ఉండాలని వేరే షరతు పెట్టి ఉన్నాను. మూడోదానికి పులిహోర కంటే బగారా ఖర్చు తక్కువ పడింది. చికెన్ లేని మంగళవారం దాన్ని పెట్టేసింది. హైస్ తప్పు వీసమెత్తు లేదు. నేను రాసినదాన్ని అక్షరాలా పాటించింది. రాయాల్సింది బగారా ≤ చికెన్. ఎడమా కుడీ తారుమారు, అంతే తేడా.

ఆ తర్వాత చాలా రోజులు ‘పెడితే’, ‘పెడితేనే’ అన్న రెండు మాటలూ నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. ఒక్క ‘నే’. దానితో షరతు దిశ మారిపోతుంది. ‘వాన పడితే గొడుగు తీసుకెళ్తాను’ అన్నవాడు ఎండలో కూడా గొడుగు తీసుకెళ్ళొచ్చు, మాట తప్పినట్టు కాదు. ‘వాన పడితేనే తీసుకెళ్తాను’ అన్నవాడు తీసుకెళ్ళకూడదు. మనం రోజూ ఈ తేడాని ఏ తడబాటూ లేకుండా వాడుతూనే ఉంటాం. ఇంటర్ పిల్లలకి ఈ పాఠం చెప్పినప్పుడు ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’ అని ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని సతమతమయ్యేదాన్ని. పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు. తెలుగులో ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు ఆ ‘నే’ని ఎర్ర పెన్నుతో చుట్టి పెడతాను. ‘నే’ ఉంటే వండేది ఎడమ వైపు, షరతు కుడి వైపు. బగారా ≤ చికెన్. లేకపోతే షరతు ఎడమ వైపు, వండేది కుడి వైపు. మాస్టర్ రెండు రకాలుగానూ అంటే రెండు వరుసలు, అప్పుడు అవి రెండూ ఎప్పుడూ సమానమే, బగారా = చికెన్ అని ఒక్కటి రాసినా చాలు.

ఇలాంటిదే ‘ఏదో ఒకటి’. ‘రోజూ ఏదో ఒక వేపుడు ఉండాలి’ అంటాడు బావ. సరిగ్గా ఒకటా, కనీసం ఒకటా? అడిగితే ‘అదేంటమ్మా, ఏదో ఒకటి అంటే ఏదో ఒకటే’ అంటాడు. రెండు వేపుళ్ళు పెడితే కోప్పడతావా బావా అని అడిగితే ‘ఖర్చు కదా’ అంటాడు. అంటే నియమం కాదు, ఖర్చు భయం. ఖర్చు తగ్గించమని సాల్వర్‌కి ఎలాగూ చెబుతున్నాం కాబట్టి ‘కనీసం ఒకటి’ అని వదిలెయ్యొచ్చు, అవసరం లేకుండా రెండోది అది పెట్టదు. ఊరికే ‘సరిగ్గా ఒకటి’ అని బిగిస్తే, ఎప్పుడైనా రెండు వేపుళ్ళతోనే లెక్క కుదిరే వారం వస్తే, అసలు మెనూయే లేదంటుంది. అలాంటి వారం దసరా సెలవుల ముందు నాకు నిజంగానే వచ్చింది.

హెల్పర్‌ని, అంటే అదనపు మనిషిని, పిలిచే సంగతి కొంచెం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇందులో ‘రెండూ ఉంటే’ అన్నది వస్తుంది. చికెనూ బగారా రెండూ ఉన్న రోజు ఉల్లిపాయలు కోయడానికి అదనంగా ఒక మనిషి కావాలి, కూలి 700. వరుస ఇది: హెల్పర్ ≥ చికెన్ + బగారా − 1. రెండూ లేకపోతే కుడి వైపు −1, హెల్పర్‌ని పిలవక్కర్లేదు. ఒక్కటే ఉంటే 0, అప్పుడూ అక్కర్లేదు. రెండూ ఉంటే 1, పిలిచి తీరాలి. మిగతా రోజుల్లో 700 మిగులుతుంది కాబట్టి సాల్వర్ తనంతట తానే 0 వేస్తుంది. ఒక్క వరుసతో పని అయిపోయింది. ఆషాఢంలో బావ ‘హెల్పర్ వచ్చిన రోజే గారెలు’ అన్నాడు. గారెలు ≤ హెల్పర్ అని చేర్చాను. ఆ వారం చూస్తే చికెన్ లేని రోజున కూడా హెల్పర్‌ని పిలిచి గారెలు పెట్టింది. మళ్ళీ తప్పు నాదే. రెండూ ఉంటే రావాలన్నాను కానీ, రెండూ ఉంటేనే రావాలని చెప్పలేదు. దానికి ఇంకో రెండు వరుసలు కావాలి: హెల్పర్ ≤ చికెన్, హెల్పర్ ≤ బగారా. అప్పటికి నాకు ఎర్ర పెన్ను అలవాటై ఉంది కాబట్టి ఈసారి ఈ తప్పు షీట్ మీదే దొరికింది, వంటింటి దాకా వెళ్ళలేదు.

ఇప్పుడు, సరిగ్గానే రాసినా బాగా రాయడం, చెత్తగా రాయడం అని రెండు ఉన్నాయి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మూడు వేపుళ్ళలో ఏ ఒక్కటి పెట్టినా రెండో పొయ్యి వెలిగించాలి, గ్యాస్‌కి 420 అవుతుంది. మొదట తెలివిగా ఒక్క వరుసలో రాశాను: బెండ + దొండ + ఆలు ≤ 3 × పొయ్యి. తప్పు కాదు. పొయ్యి 0 అయితే మూడూ 0. కానీ సాల్వర్ లోపల జరిగేది వేరు. అది ముందు ‘0 గానీ 1 గానీ మాత్రమే’ అన్న నియమాన్ని పక్కన పెట్టి, మధ్యలో ఏ భిన్నమైనా సరే అనుకుని లెక్క చేస్తుంది. అప్పుడు బెండకాయ ఒక్కటే పెడితే పొయ్యి మూడో వంతు వెలిగిస్తే చాలు, 420కి బదులు 140. మూడో వంతు పొయ్యి ఎక్కడైనా ఉంటుందా? ఆ తర్వాత పొయ్యిని 0 అనుకుని ఒక కొమ్మ, 1 అనుకుని ఒక కొమ్మ వేసుకుంటూ వెతకాలి. అదే మూడు వరుసలుగా, బెండ ≤ పొయ్యి, దొండ ≤ పొయ్యి, ఆలు ≤ పొయ్యి అని రాస్తే, బెండ 1 అయిన మరుక్షణం పొయ్యి కూడా 1 అవ్వాల్సిందే, భిన్నానికి చోటే లేదు. వరుసలు ఎక్కువ, వెతుకులాట తక్కువ. నా చిన్న మెనూకి రెండు సెకన్లా ఐదు సెకన్లా అన్నంత తేడాయే కానీ, పెద్ద లెక్కలు చేసేవాళ్ళకి ఇదే ప్రాణం.

ఈ కొమ్మలు వేసి వెతికే పద్ధతిని 1960లో ప్రచురించింది ఇద్దరు ఆడవాళ్ళు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేసిన ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్. హైస్ లోపల ఇవాళ్టికీ నడిచేది దాని మీద కట్టిన పద్ధతే. నేను కాలేజీలో చదివినప్పుడు ఆ పేర్లు ఒక్కసారి కూడా వినలేదు. మా అక్క కూతురికి చెప్పాను, తన రఫ్ నోట్స్ అట్ట మీద రాసుకుంది.

పెద్ద సంఖ్య గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. మాకు సొంత వాన్లు రెండు. ఆర్డర్లు ఎక్కువైన రోజు మూడోది అద్దెకి తెస్తాం, ఒక్క బాక్సు పంపినా నలభై పంపినా రోజుకి 1,800. దీన్ని రాసే తీరు: మూడో వాన్‌లో బాక్సులు ≤ పెద్ద సంఖ్య × వాన్ తీశామా. తియ్యకపోతే కుడి వైపు సున్నా, ఒక్క బాక్సూ ఎక్కదు. తీస్తే పెద్ద సంఖ్య దాకా ఎక్కొచ్చు. ఆ పెద్ద సంఖ్య ఎంత పెట్టాలి? ఉగాదికి ముందు నేను వాడిన వేరే సాఫ్ట్‌వేర్‌లో, పేరు చెప్పను, ‘ఎంతైనా ఫరవాలేదు, పెద్దదిగా పెట్టండి’ అని ఎవరో అన్న మాట పట్టుకుని పది లక్షలు పెట్టాను. ఒకరోజు ప్లాన్‌లో మూడో వాన్‌లో ఒక బాక్సు, అద్దె సున్నా అని వచ్చింది. అద్దె సున్నా చూసి బావ వాన్ మాట్లాడలేదు. మొదటి రెండు వాన్లకీ షీట్ ప్రకారం ఎక్కించి పంపించేశారు. ఒక సాంబారు బాక్సు వంటింట్లో గట్టు మీద మిగిలిపోయింది.

అది ఎలా జరిగిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. కంప్యూటర్ భిన్నాలతో లెక్క చేస్తున్నప్పుడు సరిగ్గా సున్నా, సరిగ్గా ఒకటి రావడం కష్టం కాబట్టి, సాల్వర్లు కొంచెం సడలింపు ఇస్తాయి. పది లక్షల్లో ఒక వంతు ఉన్నా అది సున్నాయే అనుకుంటాయి. వాన్ తీశామా అన్నదాని విలువ 0.000001 అయింది. చూడటానికి సున్నా. దాన్ని పది లక్షలతో గుణిస్తే ఒకటి. ఒక బాక్సు దర్జాగా ఎక్కింది. అద్దె లెక్క 1,800లో పది లక్షల్లో ఒక వంతు, పైసాలో ఐదో వంతు కూడా కాదు. హైస్‌లో కూడా మనం మార్చకపోతే పూర్ణాంకాలకి సడలింపు ఇంతే, పది లక్షల్లో ఒక వంతు. లెక్క మొదలుపెట్టే ముందు అది వరుసల్ని సరిచూసుకుని, వీలున్నచోట ఇలాంటి సంఖ్యల్ని తనే తగ్గిస్తుంది కానీ, దాని మీద భారం వేసి కూర్చోకూడదు. వాన్‌లో పట్టేవి నలభై బాక్సులు. కాబట్టి పెద్ద సంఖ్య నలభై. అంతకంటే ఒక్కటి ఎక్కువ పెట్టడానికి కారణం లేదు. ఇప్పుడు ప్రతి ‘పెద్ద సంఖ్య’ పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి పెడతాను: వాన్ కొలత, కడాయి కొలత, ఆ రోజు మొత్తం ఆర్డర్.

హైస్‌లో నాకు లోటు అనిపించేది ఇక్కడే. ‘ఈ వేరియబుల్ 1 అయితే ఈ వరుస వర్తిస్తుంది’ అని నేరుగా చెప్పే సౌకర్యం నేను వాడుతున్న వెర్షన్‌లో లేదు. డబ్బు పెట్టి కొనే సీప్లెక్స్, గురోబీల్లో ఉంది. ఉచితంగా దొరికే వాటిలో గూగుల్ వాళ్ళ ఓఆర్-టూల్స్‌లో సీపీ-శాట్ అనే సాల్వర్ ఉంది, అందులో ‘ఓన్లీ ఎన్‌ఫోర్స్ ఇఫ్’ అని షరతు చివర తగిలిస్తే చాలు, పెద్ద సంఖ్య గొడవే ఉండదు. దాన్ని రెండు వారాలు వాడి చూశాను. నా మెనూ లాంటి ‘పెట్టాలా వద్దా’ లెక్కలకి చాలా బాగుంది. కానీ అది పూర్ణాంకాలతోనే పనిచేస్తుంది. ముప్పావు కిలో జీడిపప్పుని 750 గ్రాములుగా, రూపాయల్ని పైసలుగా మార్చుకుంటూ పోవాలి, నా సరుకు లెక్కంతా భిన్నాలే. ఇంకోటి, అక్కడ కూడా ‘అయితే’ ఒక్కవైపే పనిచేస్తుంది. వేరియబుల్ 1 అయితే షరతు ఉండాలి. షరతు కుదిరినంత మాత్రాన వేరియబుల్ 1 అవ్వదు. బగారన్నం తప్పు అక్కడా చెయ్యొచ్చు. సాల్వర్ మారితే మన మాట స్పష్టత పెరగదు. అందుకని హైస్‌కే తిరిగొచ్చాను.

హైస్‌లోని ఆ లోటుకి సరిపడా మేలు టమాటాల దగ్గర దొరికింది. కేఆర్ మార్కెట్‌లో మేము తీసుకునే వ్యాపారి 25 కిలోల క్రేటు కంటే తక్కువ ఇవ్వడు. అసలు తీసుకోకపోవచ్చు, తీసుకుంటే 25 నుంచి, మా ఫ్రిజ్‌లో పట్టే 120 కిలోల దాకా. 7 కిలోలు, 12 కిలోలు ఉండవు. ‘సున్నా, లేకపోతే ఇంత నుంచి ఇంత’ అన్న ఈ రకం వేరియబుల్‌ని హైస్ నేరుగా ఒప్పుకుంటుంది, సెమీ కంటిన్యుయస్ అంటారు. పైహద్దు మాత్రం ఇవ్వాలి. అలా ఇస్తే రెండు వరుసలూ, ఒక సున్నా-ఒకటి వేరియబులూ తగ్గుతాయి. పుండి సొప్పుకి కూడా ఇలాగే పెట్టాను. ఇక్కడి మార్కెట్‌లో గోంగూర అని అడిగితే ఒక్కోసారి తెల్లమొహం వేస్తారు, పుండి సొప్పు అంటే చటుక్కున తీసిస్తారు.

షరతులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటే హైస్ ‘ఇన్‌ఫీజిబుల్’, అంటే కుదరదు, అని ఒక్క మాట చెప్పి ఆగిపోతుంది. ఏ రెండు వాక్యాల మధ్య తగువో, అది నడుస్తూ స్క్రీన్ మీద రాసే లాగ్‌లో కనబడదు. దసరా ముందు వచ్చింది ఇదే. నలభై వరుసల్లో దొంగని పట్టుకోవాలి, రాత్రి పదకొండున్నర, పొద్దున్న నాలుగింటికి మార్కెట్. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. చివరికి ప్రతి వరుసకీ ఒక ‘తప్పొచ్చు’ వేరియబుల్ తగిలించి, తప్పినందుకు 5,000 జరిమానా వేశాను. మళ్ళీ నడిపితే మెనూ వచ్చింది, జరిమానా ఒక్కచోటే పడింది: ‘సరిగ్గా ఒక వేపుడు’. ఆ తగిలింపుని ఇప్పుడు శాశ్వతంగా ఉంచేశాను. మీరూ మొదటి రోజు నుంచే ఉంచుకోండి. నడుస్తున్నంతసేపూ లాగ్‌లో ‘బెస్ట్ బౌండ్’, ‘బెస్ట్ సోల్’, ‘గ్యాప్’ అని మూడు వరుసగా కనిపిస్తాయి. ఇంతకంటే తక్కువ ఖర్చు అసాధ్యం అన్నది మొదటిది, ఇప్పటిదాకా దొరికిన మెనూ ఖర్చు రెండోది, వాటి మధ్య ఎడం మూడోది. మనం ఏమీ మార్చకపోతే ఆ ఎడం 0.01 శాతానికి రాగానే ఆగుతుంది. మాకు వారం సరుకు ఖర్చు లక్షా ముప్పై వేలు ఉంటుంది, దాని మీద పదమూడు రూపాయల ఎడం. బావకి ఇది చెప్పినప్పుడు చాలాసేపు స్క్రీన్ వైపే చూశాడు.

చిన్న విషయం ఒకటి, తెలుగువాళ్ళకి పనికొస్తుంది. పైథాన్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టొచ్చు. నా ఫైల్లో అన్నీ తెలుగు పేర్లే, అందుకే మాస్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వరుసలు చదివించగలుగుతున్నాను. ఇంగ్లిష్ రాని మనిషి ‘బగారా ≤ చికెన్’ చదివి ‘ఆఁ, ఇదీ నేను చెప్పింది’ అన్నాడు. ఒక్కచోట మాత్రం ఇబ్బంది. ‘హెల్పర్‌ఖర్చు’ లాంటి పేరు కొట్టేటప్పుడు రకారం కింద ఖ వత్తుగా పడకుండా కీబోర్డ్ మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడుతుంది. పైథాన్ దాన్ని ఒప్పుకోదు, తప్పు చూపిస్తుంది, కళ్ళు పొడుచుకున్నా అక్కడ ఏమీ కనబడదు. మధ్యలో అండర్‌స్కోర్ పెట్టెయ్యండి.

ఎవరికి పనికొస్తుందంటే, షరతులు ఒక నోట్‌బుక్‌లో పట్టి, కొంచెం పైథాన్ వచ్చి, నెలకి వేలకి వేలు లైసెన్సులకి పెట్టలేని మాలాంటివాళ్ళకి. నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ సగం ‘అయితే’ని నేరుగా తీసుకోనందుకు. బటన్ నొక్కితే మెనూ రావాలనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు. నాకు మెనూ వెయ్యడానికి శనివారం రాత్రి మూడు గంటలు పట్టేది, ఇప్పుడు నలభై నిమిషాలు, అందులో ముప్పై ఐదు నిమిషాలు ఎవరేమన్నారో ఆ మాట అసలు అర్థం తేల్చుకోవడానికే పోతుంది. ఆ సమయం నాకు ఇష్టమే.

ఈ వారం కార్తీకం మొదలైంది. బ్రూక్‌ఫీల్డ్ పీజీ ఓనర్ ఆంటీ ‘సోమవారాలు ఉల్లిపాయ ఉన్నవి పంపొద్దమ్మా’ అని మెసేజ్ పెట్టారు. సోమవారం ఉల్లి పడే పదిహేడు వంటకాలనీ 0 చేశాను. మాస్టర్ వరుసలు చదివి, వేలు ఆపి అడిగాడు: ‘అక్కా, ఉల్లి ఒక్కటేనా, వెల్లుల్లి కూడానా? వెల్లుల్లి కూడా అయితే పప్పుచారు కూడా పోతుంది, సాంబారే పెట్టాలి, సాంబారులో ఉల్లి తీసెయ్యాలి.’ ఆంటీకి ఫోన్ చేశాను, పూజలో ఉన్నారట. పొద్దున్న నాలుగింటిలోపు ఆ మాట తెలిస్తే రెండు వరుసలు చేర్చి మళ్ళీ నడపాలి.